పనసచెట్ల మలుపు మట్టి

మూడోసారి కూడా బూడిదలో అడుగు పడలేదు.

సోములమ్మ గుమ్మంలోనే వంగి చాలాసేపు చూసింది. జల్లెడ పట్టిన పొయ్యి బూడిద గడప నుంచి నడిమి రాట దాకా ఎలా జల్లిందో అలాగే ఉంది. కోడి కాలు లేదు, చీమల బారు లేదు, గాలి గీసిన గీత కూడా లేదు. ఆమె వెనక నిలబడ్డ సోంబరుకి అది అప్పుడే తాపీ తిప్పి వదిలిన గచ్చులా కనిపించింది. పనివాణ్ణి మెచ్చుకోవలసినంత నున్నగా ఉంది.

"రానేదు," అంది సోములమ్మ. "ఇంకా అక్కడే నిలబడున్నాడు నా గుంటడు."

ఆ కొండ మీది వాళ్ల లెక్కలో మనిషి ఎక్కడ ఊపిరి వదిలితే అక్కడే నిలబడి ఉంటాడు. దారి తెలియక కాదు. ఎవరో ఒకరు వచ్చి పిలవనిదే కదలకూడదు గనక. పదోనాడు కన్నవాళ్లో కట్టుకున్నదో అక్కడికి పోయి, పేరు పెట్టి పిలిచి, పిడికెడు మట్టి అడ్డాకులో కట్టుకుని, వెనక్కి చూడకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి తెస్తారు. పేరు చెప్పకుండా ఆ మట్టి తియ్యకూడదు, పొయ్యకూడదు; ఏ పేరు చెప్పి పోస్తే ఆ మనిషి అక్కడ నిలబడతాడు. పొట్లం రాట మొదట్లో పెట్టి, బూడిద జల్లి, తలుపు మూసి, కుండెడు నీళ్లు కాగేంత సేపు బయట కూర్చుంటారు. తలుపు తీశాక బూడిదలో ఏదో ఒక గుర్తు ఉందంటే చచ్చిపోయినవాడు ఇల్లు చేరినట్టు. ఆదివారం చర్చిలో బలిపూజ తప్పని కుటుంబాలు కూడా దీన్ని మానలేదు. ఫాదరుగారికి తెలుసు. తెలియనట్టు ఉంటారు.

సోములమ్మ పదోనాడు పిలిచింది. మళ్లీ వారానికి పిలిచింది. ఇవాళ బుధవారం, ఫల్గుణ అన్న పేరుతోనూ పిలిచి, జోసెఫ్ అన్న జ్ఞానస్నానపు పేరుతోనూ పిలిచింది, కొడుకు ఏ పేరుకి పలుకుతాడో అని. మూడుసార్లూ పిలిచింది పనసచెట్ల మలుపులోనే. ఫల్గుణ పోయింది అక్కడేనని అందరికీ తెలుసు. కొత్త గుడి కట్టిస్తున్న కంట్రాక్టరు వరహాలరావు చెప్పాడు. పరంజా మీంచి జారాడనీ, మాట్లాడుతూనే ఆటో ఎక్కాడనీ, ఆస్పత్రికి పోతుంటే ఆ మలుపులో ప్రాణం పోయిందనీ. ఆటోలో పక్కన కూర్చున్నది సోంబరే గనక, అవునన్నాడు.

సోములమ్మ సోంబరుకి మేనత్త. చనిపోయినవాడు బావమరిది. మూడుసార్లూ ఆమెకి తోడుగా మలుపు దాకా వెళ్లింది కూడా సోంబరే.

"మళ్లీ బుదారం ఎల్దాం అల్లుడా," అంది సోములమ్మ, బూడిద చేటలోకి ఎత్తుకుంటూ.

సోంబరు ఎడమ భుజం రుద్దుకున్నాడు.

ఆ భుజం సంగతి అతనికి తెలుసు. ఫల్గుణ ఆటో ఎక్కలేదు, ఎక్కించారు. అందరూ అన్నాలకి వెళ్లిన వేళ, పెయింటరు తనని ఎప్పుడూ కుంచె ముట్టనివ్వడని, పీఠం వెనక గోడ మీద ఒక్క నక్షత్రమైనా నా చేత్తో దిద్దుతాను బావా అంటూ గుళ్లో పరంజా ఎక్కాడు. పరంజా వాసాలకి తగిలి ఎగిరి, పీఠం మెట్టుకి ఐదడుగుల ఇవతల, దిమ్మిస కొట్టిన ఎర్రమట్టి నేల మీద వెల్లకిలా పడ్డాడు. సోంబరు ముఖంలోకి చూసి, ఏదో పరాచికం ఆడబోయినట్టు పెదవి కదిపి, అంతే. తాపీ కింద పెట్టేంత సేపు పట్టలేదు. అప్పుడే లోపలికొచ్చిన వరహాలరావు ముందు తలుపులు మూశాడు. గుళ్లో చావు జరిగిందంటే బిషప్‌గారు అడుగు పెట్టరనీ, పోలీసులొచ్చి తాళం వేస్తారనీ, ఇన్నేళ్లు రేకుల షెడ్డులో పూజ విన్న మీ జనానికే నష్టమనీ గబగబా చెప్పాడు. స్పృహ తప్పినవాణ్ణి కూర్చోబెట్టినట్టు ఆటోలో తమ ఇద్దరి మధ్యా కూర్చోబెట్టారు. తల సోంబరు ఎడమ భుజం మీద వాలింది. నాలుగు కిలోమీటర్లు. గతుకు వచ్చినప్పుడల్లా ఆ తల లేచేది, మళ్లీ వాలేది. పనసచెట్ల దగ్గర వరహాలరావు ఆటో ఆపించి, ముక్కు కింద వేలు పెట్టి చూసి, పోయాడు పాపం అన్నాడు.

అప్పటి నుంచి సోంబరు సిమెంటు బస్తా కుడి భుజం మీదే మోస్తున్నాడు.

గురువారం పొద్దుటికి గుడి పని ముగింపుకి వచ్చింది. ఆదివారం ప్రతిష్ఠ. సిలువమార్గం పటాలు పద్నాలుగూ గోడల మీదికి ఎక్కాయి. మరియమాత విగ్రహం ఇంకా గడ్డిలోనే ఉంది, ముఖం ఒక్కటి బయటపెట్టుకుని. పీఠం వెనక గోడ అంతా నీలం, దాని మీద బంగారు రంగు నక్షత్రాలు. పైన ఎడమవైపు ఒక నక్షత్రం మిగతావాటికి రెండింతలు ఉంది. అది పెయింటరు సరదా పడి వేసింది కాదు. పడేటప్పుడు ఫల్గుణ చెయ్యి తడి నీలం మీద ఐదు వేళ్లతో కిందికి జారింది. రెండు పూతలు వేసినా ఆ గీతలు పైకి తేలుతూనే ఉన్నాయని విసుక్కుని, పెయింటరు వాటి మీద పెద్ద నక్షత్రం వేసి మూసేశాడు. గుడి బాధ్యత చూసే విచారణ గురువు ఫాదర్ శౌరయ్యగారు గుంటూరు వైపు మనిషి, మంచివారు. ఆ నక్షత్రాన్ని చూసి బెత్లెహేము నక్షత్రం అని మురిసిపోయి, ఫోటో తీసి వాట్సాపులో అందరికీ పంపారు.

సోంబరు గోడ వారన మోకాళ్ల మీద కూర్చుని బండల సందుల్లో తెల్లసిమెంటు కూరుతున్నాడు. బొటనవేలితో నొక్కడం, తడిగుడ్డతో తుడవడం, ఒక గజం జరగడం. రెండడుగుల బండలు, గుజరాతు నుంచి వచ్చినవి, మనిషి నీడ కనబడేంత మెరుపు.

సిస్టరమ్మలు పిలిచారని ఊరి ఆడవాళ్లు బకెట్లూ కొబ్బరి పీచూ పట్టుకుని సిమెంటు మరకలు తోమడానికి వచ్చారు. వాళ్లలో సోములమ్మ కూడా ఉంది. పాత షెడ్డులో పదకొండేళ్లు ప్రతి శనివారం నేల అలికింది ఆమే. పేడా ఎర్రమన్నూ కలిపి, అరచెయ్యి తిప్పి తిప్పి, చివరికి పీఠం దగ్గర ఒక సిలువ ఆకారం వేళ్లతోనే తీసేది. కొత్త గుడి వచ్చాక ఆ పని పోయింది. మీ బండలకి నా చెయ్యి అక్కర్నేదులే అని నవ్వింది ఒకసారి. కొడుకు బతికుండగా.

వరస వరసగా తోముకుంటూ ఆమె మెట్టు వైపు జరిగింది. మెట్టు నుంచి మూడో వరసలో, నడవ మధ్య బండ దగ్గరికి వచ్చేసరికి సోంబరు లేచాడు.

"అది వదిలెయ్యత్తా. నాను సేత్తాను."

సోములమ్మ పీచు ఆపి తలెత్తింది.

"నువ్వా బండ తొక్కవేటల్లుడా?"

"ఏటి?"

"అందరూ దాని మీంచే ఎల్తన్నారు. నువ్వొక్కడివే పక్కనించి తిరిగెల్తన్నావు. పొద్దున్నించీ సూత్తన్నాను."

"సిమెంటు ఆరనేదు."

"ఎప్పుడేశావేటి?"

వేసింది ఫల్గుణ పోయిన మర్నాడు. పని అక్కడి నుంచే మొదలెట్టమన్నాడు వరహాలరావు. పైపై మట్టి పారతో గీరి బయట పారబోయించాడు గానీ లోపలికి ఇంకిన నెత్తురు ఇంకిపోయింది. ప్లానులో నేల కింద నాలుగంగుళాల కాంక్రీటు ఉంది. పీఠం కింద మాత్రమే వేశారు. జనం కూర్చునే చోట మట్టి మీద ఇసకా సిమెంటూ పరిచి బండలు దించెయ్యమన్నాడు. సోంబరు అలాగే దించుకుంటూ పోయాడు, ఆ ఒక్క బండ తప్ప. దాని కింద సిమెంటు వెయ్యబోతే చెయ్యి సాగలేదు. వాడికి ఊపిరాడదేమో అనిపించింది. వట్టి ఇసక పరిచి, పైన బండ పెట్టి, సందులు పూసేశాడు. తాపీ పట్టాక తెలిసి చేసిన తప్పుడు పని అదొక్కటే.

"ఆరని నేలేటో నాకు తెలీదా," అంది సోములమ్మ మెల్లగా. పీచు పిండుకుని, ఆ బండ చుట్టూ నాలుగు పక్కలా తోమి, దాన్ని వదిలేసి ముందుకి జరిగింది. మధ్యాహ్నానికి నేలంతా అద్దంలా అయింది. నడవ మధ్య ఒక్క దుమ్ము చదరం మిగిలింది.

శుక్రవారం వరహాలరావు అరకు సంత నుంచి బంతిపూల బస్తాలు దింపించి, సోంబరుని పక్కకి పిలిచాడు. రాజవొమ్మంగి వైపు ఇంకో గుడి పని ఖాయమైందనీ, ఇంతకంటే పెద్దదనీ, అక్కడ నేల పనంతా నీ చేతి కిందేననీ చెప్పి, "ఏటి మేస్త్రీ, వొస్తావా?" అన్నాడు. ఇరవై ఏళ్ల తాపీలో సోంబరుని ఎవరూ మేస్త్రీ అనలేదు. మేస్త్రి అంటే కొండ కిందనుంచి బస్సెక్కి వచ్చినవాడే. కొండమనిషి ఎంత సరిగ్గా రసమట్టం పట్టినా వాడు కూలీయే. ఆ మాట చెవిలో పడగానే సోంబరు నడుము దానంతటదే నిటారుగా అయింది. అది తనకే తెలిసి సిగ్గేసింది.

ఆ సిగ్గుతోనే ఫాదరుగారి గదికి వెళ్లాడు. ఆయన ఫోనులో ఉన్నారు. బిషప్‌గారికి ఎదురువెళ్లి ధింసా ఆడేవాళ్ల చీరలు ఎర్రవా పచ్చవా అని మాట్లాడుతున్నారు. పెట్టేసి, ఏంటి సోంబరూ అన్నారు ప్రేమగానే.

"ఫల్గుణ గురించండి."

ఆదివారం పూజలో అతని పేరు చదివిస్తున్నానని చెప్పారాయన. ఆటోలో మలుపు దాకా జపం చెప్పుకుంటూనే ఉన్నాడట కదా, వరహాలరావుగారు చెబుతుంటే తనకి కళ్లనీళ్లొచ్చాయన్నారు. "నువ్వు పక్కనే ఉన్నావు కదా. అంత మంచి మరణం అందరికీ దొరకదయ్యా."

సోంబరు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. పెద్దవాళ్లు జవాబు ముందే జేబులో పెట్టుకుని ప్రశ్న అడుగుతారు. ఎదుటివాడి వంతుకి ఒక్క మాటే మిగులుస్తారు.

"అవునండి," అన్నాడు.

బయటికొచ్చాక భుజం మీద బరువు పెరిగింది. నిజంగానే పెరిగింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు ఎదురైన పిల్లలు, ఈ మావేటి ఓ పక్కకి ఒరిగి నడుత్తన్నాడు అని నవ్వుకున్నారు.

శనివారం మధ్యాహ్నం గుడినిండా బంతిపూల వాసన. ఆడవాళ్లు రెండు గోడల వారనా కూర్చుని దండలు గుచ్చుతున్నారు. సోములమ్మ మూడో పటం కింద కూర్చుంది, ఒళ్లో పూలు పోసుకుని. వరహాలరావు చీపురు కర్ర పట్టుకుని, ఫాదరుగారిని వెంటబెట్టుకుని, తన పని చూపించడానికి బయల్దేరాడు. ప్రతి బండనీ కర్రతో కొడుతున్నాడు. టక్. టక్. చూశారా ఫాదర్, నూరేళ్లు కదలవు.

మెట్టు నుంచి మూడో వరసలో కర్ర డొబ్ అంది.

వరహాలరావు మళ్లీ కొట్టాడు. డొబ్. కింద ఎవరో పలికినట్టు.

"సరిగ్గా ఇక్కడే బిషప్‌గారు మోకరించేది," అన్నారు ఫాదరుగారు.

వరహాలరావు మొహం మాడింది. ఏ బండ ఎక్కడిదో అతనికి గుర్తు లేదు. మోసినవాడికి గుర్తుంటుంది గానీ మోయించినవాడికి ఉండదు. "ఇదేటి మేస్త్రీ పని?" అని గట్టిగా అరిచాడు. "డొల్ల వదిలేస్తావా? తియ్యి దాన్ని. తీసి నిండా సిమెంటు పెట్టి బిగించు. బేగి."

సోంబరు వచ్చి కూర్చున్నాడు. ఉలితో నాలుగు సందులూ గీరాడు. తెల్లసిమెంటు పొడి వేళ్లకి అంటుకుంది. ఒక మూల ఉలి దూర్చి పైకెత్తితే బండ ఏ పట్టూ లేకుండా, మూత లేచినట్టు లేచింది. రెండు చేతులా పట్టుకుని గోడకి ఆనించాడు. తడి తగలని ఇసక. అరచేత్తో ఇసకని పక్కకి నెట్టాడు. ఎర్రమట్టి. అందులో ఒకచోట నలుపు, జానెడు.

"దీని కింద కాంక్రీటు ఏదండీ?" అన్నారు ఫాదరుగారు వంగి చూస్తూ.

వరహాలరావు కాంక్రీటు గురించి ఏదో మొదలెట్టి, ఆ నలుపు చూసి ఆగిపోయాడు. గొంతు తగ్గించి, ఇసకెయ్యి, ఇసకెయ్యి అన్నాడు. దండలు గుచ్చే చేతులు ఆగాయి. సోంబరు ఇసక గుప్పిట్లోకి తీసుకున్నాడు. ఒక్క దోసిలి పోస్తే చాలు. రాజవొమ్మంగిలో మేస్త్రి. వచ్చే బుధవారం మళ్లీ మలుపు. ఆ తర్వాతి బుధవారం మళ్లీ మలుపు.

గుప్పిట విప్పాడు. ఇసక పక్కన రాలింది.

"అత్తా," అన్నాడు తల ఎత్తకుండానే. "ఇక్కడ."

సోములమ్మ లేచింది. ఒళ్లోని పూలు నేల మీద పడ్డాయి. నడిచొచ్చి, గుంట పక్కన గొంతుక్కూర్చుని, మట్టిని చూసి, అల్లుడి ముఖం చూసింది.

"ఇక్కడా?"

"ఇక్కడే. ఆటో ఎక్కించకముందే."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. అలికేటప్పుడు పెట్టినట్టు అరచెయ్యి పూర్తిగా నేలకి ఆనించింది. "ఫల్గుణా," అంది. "నాయినా. నానొచ్చాను. ఇంటికెల్దాం రా."

రేపటి పాటల కోసం సున్నం వేసి ఉంచిన గోడలు. అవి విన్న మొదటి పిలుపు అది. పైకి పోయి, నీలం గోడకి తగిలి, తిరిగి వచ్చింది.

ఒకావిడ తన అన్నం మూట విప్పి అడ్డాకు ఒకటి తుడిచి అందించింది. సోములమ్మ నల్లమట్టి పిడికెడు తీసి ఆకులో కట్టి, గుండెకి ఆనించుకుని లేచింది. ఫాదరుగారు ఏదో అడగబోయారు. ఆడవాళ్లంతా ఒక్కసారి నోటి మీద వేలు పెట్టుకున్నారు. ఆయన ఆగి, నుదుటి మీద సిలువ గుర్తు వేసుకుని, దారి వదిలారు. గుమ్మంలో నిలబడ్డ వరహాలరావు కూడా జరిగాడు, సీరియల్ లైట్ల తీగ కాలికి చుట్టుకుని తూలుతూ. ఆమె వెనక్కి చూడకుండా, కొత్త గుడి పెద్ద తలుపులోంచి కొడుకుని తీసుకుపోయింది.

"ఎందుకు చెప్పలేదు సోంబరూ?" అన్నారు ఫాదరుగారు.

"సెప్పాలనే నిన్నొచ్చానండి."

"ఏం చెప్పలేదే నువ్వు."

"ముందే మీరు సెప్పేసారండి."

తాపీ, రబ్బరు సుత్తి, రసమట్టం గుంట పక్కనే వదిలేసి సోంబరు బయటికి నడిచాడు.

పొద్దు వాలే వేళకి సోములమ్మ ఇంటి ముందు పదిమంది చేరారు. లోపల బూడిద జల్లి ఉంది. తలుపు మూసి ఉంది. బయట మూడు రాళ్ల మీద కుండలో నీళ్లు పెట్టారు. సోంబరు అందరికీ దూరంగా, చోళ్ల గాదె పక్కన కూర్చున్నాడు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. కుండ అంచున బుడగలు లేచాక సోములమ్మ వెళ్లి తలుపు తోసింది.

నడిమి రాటకి మూరెడు ఇవతల, నున్నటి బూడిదలో ఐదు గీతలు ఉన్నాయి. పక్కపక్కనే, పైనుంచి కిందికి జారినట్టు.

కోడి గీరిందేమో అంది ఒకావిడ. కోళ్లన్నీ గంప కింద ఉన్నాయంది ఇంకొకావిడ. ఏదైతేనేం, వచ్చాడు అన్నారు అంతా. సోంబరు అందరి భుజాల మీదుగా తొంగి చూశాడు. ఆ గీతలు అతను ఇంతకు ముందు చూశాడు. నీలం మీద.

జనం వెళ్లాక సోములమ్మ లోపలికి పోయి మూడు ఎండిన ఆకు పొట్లాలు తెచ్చింది. మూడు బుధవారాలవీ.

"మూడు మాట్లు నా ఎనకాల నిలబడ్డావు," అంది. "అక్కడ ఎవుడూ నేడని నీకు తెలుసు. నాను అలగ గొంతు పోయేదాకా పిలుత్తుంటే నువ్వేటనుకున్నావు అల్లుడా?"

ఆ మూడు సాయంత్రాలూ తానేమనుకున్నాడో సోంబరుకి బాగా గుర్తుంది. బేగి ముగించు అత్తా, చీకటి పడతంది అనుకున్నాడు.

ఆమె పొట్లాలు అతని చేతుల్లో పెట్టింది. "ఇది నా గుంటడి మట్టి కాదు. ఎక్కడిదక్కడ పోసెయ్యి. పేరు సెప్పి పొయ్యి."

ఆదివారం పొద్దున్న మంచు ఇంకా కాఫీ తోటల మీద ఉండగానే సోంబరు పనసచెట్ల మలుపుకి చేరాడు. గుళ్లో ఆ బండని నిన్న సాయంత్రమే ఇంకెవరో బిగించారని దారిలో విన్నాడు. ఇప్పుడు టక్ మంటుందట. గుంట ముందు ఫాదరుగారు ఒక్కరే చాలాసేపు కూర్చున్నారనీ, బిషప్‌గారికి ఫోను చేశారనీ, ప్రతిష్ఠ మాత్రం ఆగలేదనీ కూడా విన్నాడు. కింద నుంచి బళ్లు వచ్చాయి. ముందు జెండాలు కట్టిన మోటారు సైకిళ్లు, వెనక బిషప్‌గారి తెల్ల కారు, దాని వెనక జీపులు. రోడ్డు మధ్య నిలబడ్డ మనిషిని తప్పుకోమని హారన్లు కొట్టారు. తప్పుకున్నాడు. చివరి జీపులోంచి తెలిసినవాడెవడో, గుడికి రావేటి మావా అని కేకేసి మలుపు తిరిగిపోయాడు. దుమ్ము అణిగాక దూరంగా కొత్త గంట మోగింది.

పనస మొదట్లో కూర్చుని మొదటి పొట్లం విప్పాడు. ఎండిన ఆకు పెళపెళమంది. ఫల్గుణ అనబోయి ఆగాడు. వాడు ఇల్లు చేరాడు. చేరినవాణ్ణి తెచ్చి మళ్లీ ఇక్కడ నిలబెట్టకూడదు. వరహాలరావు అందామనుకున్నాడు. అతనివి కిందనుంచి వచ్చిన కాళ్లు, ఏ మట్టీ అంటదు. పేరు చెప్పకుండా పొయ్యకూడదు. ఎడమ భుజం మీద తల ఉన్నట్టే ఉంది, బరువు ఒక్క వీసం తగ్గలేదు.

"సోంబరు," అన్నాడు.

మట్టి జారిపోయింది. రెండో పొట్లం విప్పాడు.